తానికాయల లెక్క

మా హిందూపురం వైపు డబ్బును లెక్క అంటాం. "లెక్క ఉందా?" అంటే జేబులో డబ్బుందా అని. "లెక్క ఇచ్చేసినాడా?" అంటే బాకీ తీర్చాడా అని. నాకు ఇంకో లెక్క కూడా ఉండేది. నేను 800 మీటర్ల రన్నర్ని. పదేళ్ళ కిందటి రేసు అడిగినా మొదటి ల్యాప్ ఎంత, రెండోది ఎంత, ఏ మలుపులో ఎవరు నన్ను దాటిపోయారు, ఇప్పటికీ చెప్పగలను. సెకనులో పదో వంతు తగ్గించుకోడానికి ఏడాది కష్టపడిన మనిషిని. అలాంటిది పదిహేడు నెలల పాటు ఆన్‌లైన్ రమ్మీకీ క్రికెట్ బెట్టింగ్‌కీ నా ఫోన్లోంచి పోయిన డబ్బు మొత్తం ఎంతో ఒక్కసారి కూడా కూడి చూసుకోలేదు. కూడితే ఆట ఆపేయాల్సి వస్తుందని లోపల తెలుసు. అందుకే కూడలేదు.

2016లో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చి బెంగళూరు చేరాను. యలహంకలో ఇల్లు తీసుకున్నాం, హిందూపురం రైలు అక్కడ ఎక్కొచ్చని. వారంలో నాలుగు రోజులు జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో చెట్ల కింద పొడుగు పరుగులు, రెండు రోజులు కంఠీరవ స్టేడియంలో ట్రాక్ మీద రిపీట్లు, అంటే ఒకే దూరాన్ని ఆగి ఆగి మళ్ళీ మళ్ళీ వేగంగా పరిగెత్తడం. నా బెస్ట్ 1:50.4. మా కోచ్ సారు ఎప్పుడూ శ్రీరామ్ సింగ్ సంగతి చెప్పేవారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి ల్యాప్ ముగిసేసరికి అందరికన్నా ముందున్నది ఆయనే. చివరికి ఏడో స్థానం వచ్చింది, కానీ ఆ రోజు పరిగెత్తిన 1:45.77 మన దేశంలో 42 ఏళ్ళు నిలిచింది. 2018లో జిన్సన్ జాన్సన్ దాటేదాకా అదే రికార్డు. గీత దాటేదాకా రేసు అయిపోయిందనుకోవద్దు అని సారు అంటుంటే ఆ మాట నా ఒంట్లోకి ఎక్కింది. 600 దగ్గర ఆరోవాడిగా ఉండి చివరి 200లో రెండోవాడిగా వచ్చిన రేసులు నాకు చాలా ఉన్నాయి. వెనకబడితే భయపడేవాణ్ణి కాదు. వెనకబడ్డాకే నాకు బలం వచ్చేది.

ఆ గుణమే నన్ను ముంచింది. ఆటలాడేవాళ్ళను ఈ జబ్బు అంత సులువుగా ఎందుకు పట్టుకుంటుందో ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ఓడినచోట ఆగిపోవడం మాకెవరూ నేర్పలేదు. ట్రాక్ మీద దాన్ని పట్టుదల అని మెచ్చుకుంటారు. పందెంలో అదే పట్టుదల, పోయినదంతా ఈ రాత్రికే రాబట్టాలని కూర్చోబెడుతుంది.

2022 జూన్‌లో కుడి మోకాలి కింద ముందువైపు ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది. ఎనిమిది వారాలు పరుగు వద్దన్నారు డాక్టరు. పొద్దున్నే నాలుగున్నరకు లేచే ఒళ్ళు, లేచి ఏం చేయాలో తెలియక అలాగే పడుకునేది. ఫోన్ చేతిలో. రమ్మీ యాప్ ప్రకటన వచ్చింది, నొక్కాను. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రలో 2020 సెప్టెంబరులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. కర్ణాటక 2021లో చట్టం తెచ్చింది గానీ 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ సవరణలను కొట్టేసింది. అంటే యలహంకలో మంచం మీదున్న నాకు తలుపు తెరిచే ఉంది.

పాయింట్స్ రమ్మీలో పదమూడు ముక్కలు. ఓడితే గరిష్ఠంగా 80 పాయింట్లు. పాయింటుకు ఐదు రూపాయల టేబుల్ మీద కూర్చుంటే ఒక్క ఆటలో 400 పోవచ్చు. ఆ ఆట ఒక్కోసారి నేను 800 మీటర్లు పరిగెత్తేంత సేపట్లోనే అయిపోయేది. మొదటి రాత్రి 2,300 గెలిచాను. కాలు విరిగినప్పట్నుంచి గుండె అంత గట్టిగా కొట్టుకున్నది అదే మొదటిసారి. స్టార్టింగ్ లైన్ మీద నిలబడ్డప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఎముక అతికి మళ్ళీ ట్రాక్ మీదికి వెళ్ళినా అది వదల్లేదు. రమ్మీ నుంచి క్రికెట్ బెట్టింగ్‌కి పోయాను. రాత్రి రెండింటిదాకా ఆడి, పొద్దున ఐదింటికి రిపీట్లకు వెళితే ఆరో 400కే కాళ్ళు బరువెక్కేవి. సారుకు మా పాపకు బాగలేదని చెప్పేవాణ్ణి. పాప బాగానే ఉండేది. ఆ అబద్ధం తలుచుకుంటే ఇవాళ్టికీ తల ఎత్తలేను.

ఊరికి వెళితే యాప్ తెరుచుకునేది కాదు. మీ రాష్ట్రంలో ఈ ఆట లేదని చూపించేది. అప్పుడు నేను బండి తీసి సరిహద్దు దాటి విదురాశ్వత్థం వెళ్ళేవాణ్ణి. అది కర్ణాటక. గౌరిబిదనూరు దగ్గర, పినాకిని ఒడ్డున ఉంటుంది. విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు 2001లో పడిపోయింది. దాని చుట్టూ భక్తులు ప్రతిష్ఠించిన నాగశిలలు వేలల్లో ఉంటాయి. గుడికి పోయొస్తానని అమ్మతో చెప్పి, ఆ నాగశిలల వెనక నీడలో బండి ఆపి, గంట, గంటన్నర ఆడేవాణ్ణి. వచ్చేటప్పుడు కుంకుమ పొట్లం తెచ్చి అమ్మ చేతికిచ్చేవాణ్ణి. జూదం వద్దు, కులం నాశనమవుతుందని నిండు సభలో ధృతరాష్ట్రుడికి చెప్పినవాడు విదురుడు. ఆయన పేరున్న చోట కూర్చుని ఆడుతున్నానని నాకు అప్పుడు తట్టనే లేదు.

2023 నవంబరు 19, వరల్డ్ కప్ ఫైనల్. మనవాళ్ళు 240 కొట్టారు. ఇండియా మీద జీతం మొత్తం, చీటీ ఎత్తిన డబ్బులో మిగిలిందీ పెట్టాను. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. ఊరంతా కప్పు పోయిందని ఏడుస్తున్న రాత్రి నేను బాత్రూంలో కొళాయి తిప్పి కూర్చున్నాను. మరునాడు మా ఆవిడ గాజుల డబ్బా తెరిచింది. వాళ్ళ తమ్ముడి నిశ్చితార్థానికి వేసుకుందామని. గాజులు లేవు. సెప్టెంబరులోనే తాకట్టు పెట్టాను.

ఆమె యలహంకలోనే ఒక టైల్స్ షాపులో అకౌంట్స్ చూస్తుంది. అరవలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించి, షాపు ప్రింటర్లో 46 పేజీలు ప్రింట్ వేసుకొచ్చింది. పాప పడుకున్నాక చాప మీద పరిచింది. పసుపు స్కెచ్ పెన్, క్యాలిక్యులేటర్, పాప హోంవర్క్ నోటుపుస్తకం ఒకటి.

"ఏమండీ, నేను కూడనా, మీరు కూడతారా?"

నేనే కూడాను. తెల్లవారుజామున మూడైంది. యాప్‌లలో వేసింది 14,62,300. తిరిగి తీసుకున్నది 3,41,000. పోయింది 11,21,300. దాంట్లో బ్యాంకు పర్సనల్ లోన్ ఐదు లక్షలు, చీటీ లక్షన్నర, లోన్ యాప్‌లు 85 వేలు, ఆఫీసులో స్నేహితులవి లక్షా ఇరవై వేలు, గాజుల మీద లక్షా అరవై వేలు. మిగిలింది జీతం. ఎవరైనా అడిగితే ఒక నాలుగు లక్షలు పోయుంటాయి అని చెప్పేవాణ్ణి. అది అబద్ధమని కూడా నాకు తెలీదు. నిజంగానే నాలుగనుకున్నాను. గెలిచిన రాత్రులన్నీ గుర్తున్నాయి, ఓడినవి ఒక్కటీ లెక్కలో లేదు. పేజీల మీద పసుపు గీతలన్నీ రాత్రి పదకొండుకూ రెండుకూ మధ్యే ఉన్నాయి. నా నిద్ర ఎక్కడికి పోయిందో ఆ కాగితాల మీద కనబడింది.

నాయన రెండో రోజు రైల్లో వచ్చాడు. వేరుశనగ పీకే పని మధ్యలో వదిలేసి వచ్చాడు. చెప్పులు విప్పకముందే అడిగాడు.

"ఎంత లెక్క పోయింది రా?"

"పదకొండు లక్షల ఇరవై ఒక్క వేల మూడు వందలు, నాయనా."

ఆ అంకెను నా నోటితో బయటికి అనడం అదే మొదలు. నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "కోడలి గాజులు నేను ఇడిపిస్తా. అవి నీవి గావు కాబట్టి. మిగతాది నీ కాళ్ళతో నువ్వే తీర్చుకో. నేల మాత్రం అడగొద్దు." ఆ మాట అప్పుడు కఠినంగా తోచింది. తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కౌన్సిలర్ మేడం కూడా అదే చెప్పారు. ఇంట్లోవాళ్ళు అప్పులన్నీ ఒక్కసారిగా కట్టేస్తే, ఆడేవాడికి మళ్ళీ ఆడటానికి చోటు ఖాళీ అవుతుందట.

నిమ్హాన్స్‌కి వెళ్ళింది మా ఆవిడ వల్లే. ఆమే ముందు 14416కి ఫోన్ చేసింది. టెలీమానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలుపెట్టారు, ఏ వేళప్పుడైనా తీస్తారు, తెలుగులోనూ మాట్లాడతారు. నిమ్హాన్స్‌లో ఫోన్, గేమ్స్ వ్యసనాల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. మొదటి రోజు నేను డాక్టరుతో నాకు క్రమశిక్షణ తప్పింది, దండించండి అన్నట్టు మాట్లాడాను. ఆయన శాంతంగా విని, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే ఇది ఉందని, మందు తాగడం ఎలా వ్యసనమవుతుందో ఇదీ అలాగేనని చెప్పారు. కొంచెంలో తప్పిపోయిన ఆట కూడా మెదడుకు గెలుపు లాగే ఊరింపునిస్తుందట. 600 దగ్గర ఆరోస్థానంలో ఉన్నప్పుడు నాకు కలిగే ఊపు అదేనని వెంటనే అర్థమైంది. పద్ధతులు సులువైనవే. జీతం మా ఆవిడ ఖాతాలోకి మార్చాలి. స్మార్ట్‌ఫోన్ ఇచ్చేసి బటన్ల ఫోన్ పట్టుకోవాలి. ఆడాలనిపించిన ప్రతిసారీ టైం, చోటు, అంతకుముందు ఏం జరిగిందో రాయాలి. ఆ హోంవర్క్ నోటుపుస్తకమే వాడాను. చాలావాటి పక్కన రాసింది ఒకటే: రాత్రి పదకొండు, ఖాళీ.

ఆ ఖాళీని ఏం చేయాలన్నది ఏ డాక్టరూ పూర్తిగా తీర్చలేడు. అది నాయన తీర్చాడు. డిసెంబరులో రెండోసారి వచ్చినప్పుడు బియ్యం సంచిలో రెండు లావు పుస్తకాలు తెచ్చాడు. తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన కవిత్రయ భారతం, వ్యాఖ్యానంతో మొత్తం పదిహేను సంపుటాలు ఉంటాయి. మా తాత ఊరి రామాలయంలో చదివేవాడు. నాయన తెచ్చింది అందులో సభాపర్వమూ అరణ్యపర్వమూ. "నాకు ఏడో తరగతి చదువు. పద్యం విరవడం రాదు. నువ్వు చదువు, నేను ఇంటా," అన్నాడు. నేను పదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం ముట్టినవాణ్ణి కాను. మొదటి రాత్రి రెండు పద్యాలకు గంట పట్టింది. ముందు పద్యం, తర్వాత ప్రతిపదార్థం మీద వేలు పెట్టుకుని ఒక్కో ముక్క, చివర తాత్పర్యం. మా ఆవిడ నా తప్పులు దిద్దేది. పాప నాయన ఒళ్ళో నిద్రపోయేది. పదకొండు దాటిపోయేది, నేను గమనించేవాణ్ణి కాను.

సభాపర్వంలో నన్ను ఆపేసింది మొదటి జూదం కాదు. ద్రౌపది కోరిన వరాలతో పాండవులు దాస్యం నుంచి బయటపడ్డారు, పోయినవన్నీ ధృతరాష్ట్రుడు తిరిగిచ్చేశాడు. అందరూ ఇంద్రప్రస్థానికి బయల్దేరారు. దారిలో మళ్ళీ రమ్మని కబురొచ్చింది. ధర్మరాజు వెనక్కి తిరిగాడు. అంతా అయ్యాక, అవమానం కళ్ళ ముందు ఉండగా, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ధర్మం, క్షత్రియుడు, పిలిస్తే వెళ్ళాలి అని పెద్దలు ఎన్ని చెప్పినా నాకు పట్టలేదు. ఆ వెనక్కి తిరగడం నాకు తెలుసు. బండి స్టార్ట్ చేసి విదురాశ్వత్థం వైపు తిప్పిన చేతులు నావే. చదువుతూ చదువుతూ గొంతు పూడుకుపోయింది. మా ఆవిడ పుస్తకం తీసుకుని మిగతా తాత్పర్యం తనే చదివింది.

అరణ్యపర్వంలో ధర్మరాజు, నాకన్నా కష్టపడినవాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగితే బృహదశ్వుడనే మహర్షి, జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడి కథ చెబుతాడు. ఫిబ్రవరిలో అక్కడికి చేరాం. నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలుతున్నాడు. దారిలో తాండ్ర చెట్టు కనబడితే రాజు దాని ఆకులూ కాయలూ ఎన్నో చూసి చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెడతాడు. సరిపోతుంది. ఆ లెక్కపెట్టే విద్యే అక్షహృదయం, అంటే పాచికల రహస్యం. అది చేతికి రాగానే, అతన్ని పట్టి జూదమాడించిన కలి అతని ఒంట్లోంచి బయటికొచ్చి ఆ చెట్టులోకే దూరతాడు.

"తాండ్ర అంటే?" అని మా ఆవిడ అడిగింది. అమ్మ ఆ రోజు ఇంట్లోనే ఉంది. మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి గుప్పెట పట్టుకొచ్చి నా అరచేతిలో పోసింది. త్రిఫల చూర్ణానికని హిందూపురం నుంచి తెచ్చినవి. కరక్కాయ, ఉసిరి, తానికాయ. తాండ్ర చెట్టు కాయే తానికాయ, బూడిద రంగులో ఉంటుంది. పైన మెత్తటి నూగు. వేలితో రుద్దితే దుమ్ములా రాలుతుంది. లోపలి గింజ గట్టిది. మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారికి మరునాడు చూపిస్తే, వేదకాలంలో పాచికలు ఇవేనయ్యా అన్నారు. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గురించి ఒక సూక్తమే ఉంది, 34వది, పద్నాలుగు ఋక్కులు. ఆయన దగ్గరున్న తెలుగు వచనం చదివి వినిపించారు. అత్త అసహ్యించుకుంటుంది, భార్య గెంటేస్తుంది. ఈ పాచికలకు చేతుల్లేవు, అయినా చేతులున్నవాణ్ణి లొంగదీస్తాయి. చల్లగా ఉంటాయి, గుండెను కాలుస్తాయి. చివర్లో, పాచికలాడకు, పొలం దున్నుకో అంటుంది. మూడు వేల ఏళ్ళ కిందట నాలాంటివాడొకడు ఇంటి గుమ్మం బయట నిలబడి ఏడ్చాడని తెలిసినప్పుడు నా సిగ్గు కొంచెం కరిగింది. ఒంటరివాణ్ణి కానని ఏ కౌన్సిలింగ్‌లోనూ అంతగా అనిపించలేదు.

అమ్మ అప్పట్నుంచి ఒక స్టీలు డబ్బా పెట్టింది. ఆడకుండా నెల గడిస్తే ఒక తానికాయ అందులో వెయ్యమంది. అప్పటికి గడిచిన నెలలకు మూడు వేశాం, మార్చిలో నాలుగోది.

పుస్తకం చదివితే బాగుపడిపోతారని నేను చెప్పను. ఎందుకంటే ఆ పుస్తకమే నన్ను ఒకసారి పడేసింది. నలుడు అక్షహృదయం నేర్చుకుని ఊరికి వెళ్ళి ఏం చేస్తాడు? తన రాజ్యాన్ని గెలుచుకున్న తమ్ముడు పుష్కరుడితో మళ్ళీ జూదమాడి దాన్ని తిరిగి గెలుచుకుంటాడు. ఆ పద్యాలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్క తెలిసినవాడు గెలుస్తాడన్నమాట. నాకు ఇప్పుడు లెక్క తెలుసు. ఒక్కసారి ఆడి గాజుల డబ్బు నాయనకు ఇచ్చేస్తే చాలు. 2024 ఏప్రిల్ 14, ఐపీఎల్ నడుస్తోంది. ఆఫీసు స్నేహితుడి ఫోన్ తీసుకుని అతని ఖాతా మీద 3,000 పెట్టాను. పోయింది. ఇంకో మూడు వేలు అడగబోయి, నోరు తెరిచి, మూసుకున్నాను. ఎలా మూసుకున్నానో నాకే తెలీదు. ఆ రాత్రే ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె చదివి చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "చెప్పినారు కదా, అది చాలు ఈ రోజుకు," అంది. డబ్బాలో ఉన్న నాలుగు కాయలు నేనే కింద పోశాను.

నాయనకు ఫోన్లో చెబితే తిట్టలేదు. "సరే, పుష్కరుని దగ్గర గెల్చినాడు. ఆ తర్వాత నలుడు మళ్ళా ఆడినాడని యాడైనా రాసినారేమో చూడు," అన్నాడు. చూశాను. లేదు. బృహదశ్వుడి దగ్గర అదే విద్య నేర్చుకున్న ధర్మరాజు గతి కూడా ఆయనే గుర్తుచేశాడు. అజ్ఞాతవాసంలో కంకుభట్టై విరటుడితో పాచికలాడుతూ ఆ రాజు విసిరిన పాచిక దెబ్బకు మొహం మీద రక్తం కార్చుకున్నాడు. ఎన్ని నేర్చినా ఆ పలక ముందు కూర్చున్నవాడికి దెబ్బ తప్పలేదు. విరాటపర్వం సంపుటం ఆ వారమే బస్సులో పంపించాడు.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. నేను మంచం మీదున్న రోజుల్లో ఆ చట్టం ఉంటే బాగుండేది. కానీ మా జూనియర్ రన్నర్లకు టెలిగ్రామ్‌లో లింకులు ఇప్పటికీ వస్తున్నాయి. గాయంతో ఇంట్లో కూర్చున్న కుర్రాడెవడైనా ఉంటే సారు ఇప్పుడు నన్ను పంపిస్తారు. నేను వెళ్ళి ముందు వాడి కాలు గురించి మాట్లాడతాను, తర్వాత రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావని అడుగుతాను.

ఇప్పుడు నా నోటుపుస్తకంలో రెండు వరసలు. ఎడమవైపు అప్పు: తీర్చాల్సినవి 8,55,000 ఉండగా మొదలుపెట్టాను, ఇంకా 3,10,000 ఉంది. కుడివైపు ల్యాపులు. డిపార్ట్‌మెంట్ మీట్‌లో 57, 59, మొత్తం 1:56. ముప్పై రెండేళ్ళకు నాలో మిగిలింది అంతే. అది దాచుకోవడం లేదు, రాసుకుంటున్నాను. నాయనా నేనూ ఒకసారి విదురాశ్వత్థం వెళ్ళొచ్చాం. బండి ఆపే చోటు ఆయనకు చూపించాను. ఏమీ అనకుండా అక్కడి నాగశిల మీద పసుపు చల్లి వచ్చాడు.

మొన్న డిసెంబరు 14న డబ్బాలో కాయ వేశాక పాప అన్నీ నేల మీద పోసి లెక్కపెట్టింది. పంతొమ్మిది అంది. ఇరవై ఉండాలి. ఇద్దరం మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాం. పంతొమ్మిదే. మా ఆవిడ టార్చి తెచ్చింది. ఇరవయ్యోది మంచం కింద, గోడ మూలకు దొర్లిపోయి దొరికింది.